మందు మంచిదే, చేరాల్సిన చోటికి చేరుతోందా?

ఈ నెల చెవి, ముక్కు, గొంతు శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సరిహద్దు అవతలి మన తెలుగువాళ్లవే. ఒడిశాలో పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, రాయగడ ఒకవైపు, మహారాష్ట్రలో బల్లార్షా, చంద్రపూర్‌ ఇంకోవైపు. చాలామంది మందుల చీటీలు కూడా జతచేశారు. చీటీల్లో రాసిన మందులకు వంక పెట్టేది పెద్దగా లేదు. వాడే తీరు దగ్గర, వాడిన రోజుల దగ్గరే తేడా కొడుతోంది. అందుకే జవాబులు కాస్త పొడుగయ్యాయి.

*

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు. రెండేళ్ల నుంచి కుడి చెవి కారతంది. జలుబు చేసినా, మహేంద్రతనయ ఏట్లో ఈతకెళ్లొచ్చినా చీము మొదలవుద్ది. మూడుసార్లు యాంటీబయాటిక్‌ మాత్రలు వాడాం. తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తంది. మా అత్తగారు వెల్లుల్లి వేసి కాచిన నూనె పోస్తన్నారు. ఆపరేషన్‌ అంటే భయంగా ఉంది.
– ఒక తల్లి, పర్లాకిమిడి

జవాబు: ముందు నూనె ఆపించండమ్మా. రెండేళ్లుగా కారే చెవికి కర్ణభేరిలో చిల్లు ఉన్నట్టే లెక్క. పోసిన నూనె ఆ చిల్లులోంచి నేరుగా మధ్య చెవిలోకి పోతుంది. వేడి ఎక్కువైతే చెవి దారిలో చర్మం కాలుతుంది. కాలకపోయినా తడి ఆరకుండా చేసి బూజు పట్టడానికి దారి ఇస్తుంది. పెద్దావిడ మనవడి మీద ప్రేమతోనే చేస్తున్నారు కాబట్టి, చెవి తుడిచే పని ఆవిడకే అప్పజెప్పండి. ఈ జబ్బులో సగం వైద్యం అదే.

మాత్రలతో ఎందుకు తగ్గలేదంటే, మింగిన మందు రక్తంలో కలిసి, ఉబ్బి మందమైన చెవి పొర దాకా చేరేసరికి పలచబడిపోతుంది. సిప్రోఫ్లాక్సాసిన్‌ 500 మిల్లీగ్రాముల మాత్ర మింగితే రక్తంలో మిల్లీలీటరుకు రెండు మూడు మైక్రోగ్రాముల మందు ఉంటుంది. అదే మందు 0.3 శాతం చుక్కల్లో మిల్లీలీటరుకు 3,000 మైక్రోగ్రాములు. కారే చెవి మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసినా, చెవి ఆరడానికి మాత్రల కంటే ఈ రకం చుక్కలదే పైచేయి. కెన్యాలో బడిపిల్లలు 400 మందికి పైగా పాల్గొన్న అధ్యయనం ఒకటి 2005లో వచ్చింది. సగం మందికి సిప్రోఫ్లాక్సాసిన్‌ చుక్కలు, సగం మందికి స్పిరిట్‌లో కలిపిన బోరిక్‌ యాసిడ్‌ చుక్కలు వేశారు. రెండు వారాలకు మొదటి జట్టులో 59 శాతం మందికి, రెండో జట్టులో 32 శాతం మందికి చీము ఆగింది. పల్లెబడుల్లో, బడి వాళ్లే చుక్కలు వేస్తే వచ్చిన ఫలితమిది. పెద్ద ఆస్పత్రి అక్కర్లేదని తేలినట్టే.

అయితే చీము నిండిన చెవిలో చుక్కలు వేస్తే అవి చీము మీదే తేలతాయి. అందుకని ముందు తుడవాలి. ఉతికి ఆరేసిన పలచటి నూలు గుడ్డ ముక్కనో, గట్టి టిష్యూ కాగితాన్నో దీపపు వత్తిలా నలిపి, కొనను చెవి దారిలో మెల్లగా పెట్టి, తడి పీల్చాక తీసేయండి. కొత్త వత్తి పెట్టండి. వత్తి పొడిగా బయటికి వచ్చేదాకా అలా మార్చుతూనే ఉండాలి. మొదటి రెండు రోజులు ఒక్కో పూటకు ఐదారు వత్తులు పట్టినా ఆశ్చర్యపోకండి. అగ్గిపుల్లకు దూది చుట్టి తిప్పడం మాత్రం వద్దు. దూది లోపలే ఊడిపోతుంది.

తర్వాత చుక్కల సీసాను రెండు నిమిషాలు గుప్పిట్లో పట్టుకోండి. చల్లటి చుక్క పడితే కళ్లు తిరుగుతాయి, పిల్లాడు ఇక దగ్గరికి రాడు. బాబును ఎడమవైపుకి పడుకోబెట్టి, కుడి చెవి డిప్పను పైకీ వెనక్కీ లాగి నాలుగైదు చుక్కలు వేయండి. చెవి రంధ్రం ముందు మెత్తటి ఎముకతో చిన్న బుడిపె ఉంటుంది, దాన్ని వేలితో నాలుగైదుసార్లు నొక్కి వదలండి. ఈ నొక్కుడుతోనే మందు చిల్లు దాటి లోపలికి దిగుతుంది. ఐదు నిమిషాలు అలాగే పడుకోవాలి. "అమ్మా, గొంతులో చేదుగా ఉంది" అంటే సంతోషించండి. మధ్య చెవి నుంచి గొంతులోకి సన్నటి గొట్టం ఉంటుంది. మందు చెవి అంతా తడిపి అక్కడిదాకా వచ్చిందన్నమాట. తుడవడం, చుక్కలు వేయడం రోజుకు మూడుసార్లు, రెండు వారాలు. నాలుగో రోజుకే చీము ఆగినా మానొద్దు.

ఇంట్లో పాత సీసా ఉంటే మీద పేరు చదవండి. జెంటామైసిన్, నియోమైసిన్‌ రకం చుక్కలు చిల్లు ఉన్న చెవిలో వేస్తే లోచెవి దెబ్బతిని వినికిడి పోయే ప్రమాదం ఉంది. అవి మళ్లీ వాడొద్దు.

స్నానానికి ముందు దూది ఉండకు వాజలీన్‌ పట్టించి చెవికి పెట్టండి. ఏట్లో మునకలు చెవి బాగయ్యేదాకా బంద్‌. రెండు వారాలు పద్ధతిగా చేసినా ఆరకపోతే కారణం వెతకాలి. విపరీతమైన దురదతో లోపల నల్లటి చుక్కలు, తడిసిన కాగితంలాంటి పొర ఉంటే అది బూజు. యాంటీబయాటిక్‌ చుక్కలు నెలల తరబడి వాడినవాళ్లకు, గాలిలో తేమ ఎక్కువుండే మీ వైపు వాళ్లకు ఇది తరచూ వస్తుంది. దానికి శుభ్రం చేసి క్లోట్రిమజోల్‌ వేయాలి. చీము కొంచెమే అయినా కుళ్లు కంపు కొడుతుంటే, నెత్తురు జీర ఉంటే కొలెస్టియటోమా కావచ్చు. అది ఎముకను తినేస్తూ పోయే రకం. దానికి ఆపరేషన్‌ తప్పదు, ఆలస్యం పనికిరాదు. చెవి వెనక వాపు, జ్వరంతో తలనొప్పి, మూతి వంకర పోవడం, కళ్లు తిరిగి పడిపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే బరంపురం మెడికల్‌ కాలేజీకో శ్రీకాకుళం పెద్దాసుపత్రికో తీసుకెళ్లండి.

ఇక మీ భయం గురించి. మామూలు చిల్లుకు చేసేది మెదడు జోలికి వెళ్లే ఆపరేషన్‌ కాదు. చెవి పైన కణత కండరం మీద ఉండే పలచటి పొరను కొంచెం తీసి చిల్లుకు అతుకు వేస్తారు. చెవి కొన్ని వారాలు పొడిగా ఉన్నాక చేస్తే అతుకు బాగా పడుతుంది. బాబు వయసుకు చేయించవచ్చు. ఈలోగా ఒకసారి ఆడియోగ్రామ్‌ (వినికిడి పరీక్ష) తీయించి, బడిలో ఎడమ చెవి మాస్టారి వైపు ఉండేలా ముందు బెంచీలో కూర్చోబెట్టమని చెప్పండి.

*

ప్రశ్న: వయసు 34. రాత్రిళ్లు ముక్కు రెండు వైపులా మూసుకుపోతుంది. ఏడాదిగా ముక్కు చుక్కలు లేకుండా నిద్ర రాదు. మొదట్లో రాత్రికి ఒకసారి చాలేది, ఇప్పుడు మూడుసార్లు వేసుకుంటున్నాను. స్టెరాయిడ్‌ స్ప్రే రాసిచ్చారు గానీ నాలుగు రోజులు కొట్టినా పనిచేయలేదని వదిలేశాను. ఉప్పునీళ్లతో ముక్కు కడగడం మంచిదేనా?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: మీరు పంపిన చీటీలో ఉన్నవి జైలోమెటజోలిన్‌ చుక్కలు. ఇవి ముక్కు లోపలి రక్తనాళాలను బిగిస్తాయి, నిమిషాల్లో ఊపిరి ఆడుతుంది. మందు దిగిపోయాక అవే నాళాలు మునుపటికంటే ఎక్కువ ఉబ్బుతాయి. ఐదారు రోజులు దాటి వాడితే ఆ ఉబ్బుకే మళ్లీ చుక్కలు వేసుకోవాల్సి వస్తుంది. ఇప్పుడు మీ దిబ్బడలో పెద్ద వాటా ఆ చుక్కలదే.

స్ప్రేను నాలుగు రోజుల్లో తీర్పు చెప్పి వదిలేయడం తొందరపాటు. ఫ్లూటికాసోన్, మొమెటాసోన్‌ స్ప్రేల పూర్తి ఫలితం తెలియడానికి రెండు వారాలు పడుతుంది. చుక్కలు మానే దారి ఇదీ: స్ప్రే ఈ రోజే మొదలుపెట్టి రోజూ ఒకే వేళకు కొట్టండి. వారం తర్వాత ఒక ముక్కు రంధ్రంలో మాత్రమే చుక్కలు పూర్తిగా ఆపండి, రెండో దాంట్లో వేసుకోండి. ఒకవైపు ఊపిరి ఆడుతుంది కాబట్టి నిద్ర పడుతుంది. ఆపిన వైపు తెరుచుకున్నాక రెండోదీ ఆపండి. మొదటి మూడు నాలుగు రాత్రులు కష్టంగానే ఉంటాయి, ఓర్చుకోండి. తలగడ ఎత్తుగా పెట్టుకోండి.

స్ప్రే కొట్టే తీరు ముఖ్యం. కొత్త సీసా అయితే సన్నటి తుంపర వచ్చేదాకా గాల్లో కొన్నిసార్లు నొక్కండి. తల వెనక్కి వాల్చొద్దు, కొంచెం ముందుకు వంచండి. ఎడమ రంధ్రానికి కుడి చెయ్యి, కుడి రంధ్రానికి ఎడమ చెయ్యి. అలా పట్టుకుంటే మొన దానంతట అదే బయటి వైపుకి, ఆ పక్క కంటి చివర దిక్కుకి తిరుగుతుంది. అదే చేత్తో అదే వైపు కొడితే మందంతా నడిమి గోడకు తగిలి అక్కడ పుండు పడుతుంది, నెత్తురు వస్తుంది, మనమేమో మందు పడలేదంటాం. గట్టిగా ఎగపీల్చొద్దు. గొంతులోకి జారి రుచి తెలిసిందంటే మందు ముక్కు దాటిపోయినట్టే. చెవి చుక్కలకు గొంతులో రుచి తెలియడం మంచి గుర్తు, ముక్కు స్ప్రేకు అదే చెడ్డ గుర్తు.

ఉప్పునీళ్లు మంచివే. పావు లీటరు నీళ్లకు అర టీస్పూను అయోడిన్‌ లేని ఉప్పు, చిటికెడు తినే సోడా. నీళ్లు తెర్లేలా కనీసం ఒక నిమిషం మరిగించి గోరువెచ్చగా చల్లార్చినవే వాడాలి. కుళాయి నీళ్లు, బావి నీళ్లు పచ్చిగా ముక్కులోకి ఎక్కించొద్దు. మెదడును తినే అమీబా అని కేరళ వార్తల్లో చదివే ఉంటారు, అది లోపలికి వెళ్లే దారి ముక్కే. ముందు కడగండి, పది పదిహేను నిమిషాలాగి స్ప్రే కొట్టండి. కడిగిన సీసాను రోజూ వేణ్నీళ్లతో శుభ్రం చేసి ఆరబెట్టండి.

నెలన్నర ఇలా చేసినా దిబ్బడ ఉంటే, వాసన తెలియకపోతే, ఎండోస్కోపీతో లోపల చూపించుకోవాలి. కండలు పెరిగి ఉంటే, సైనస్‌లు మూసుకుపోయి ఉంటే ఆపరేషన్‌ బాగా పనిచేస్తుంది. 2025లో లాన్సెట్‌ పత్రికలో వచ్చిన బ్రిటన్‌ అధ్యయనంలో, పాత సైనస్‌ జబ్బుకు ఎండోస్కోపిక్‌ ఆపరేషన్‌ వల్ల బాధలు స్పష్టంగా తగ్గాయి. మూడు నెలలు తక్కువ మోతాదులో ఇచ్చిన క్లారిత్రోమైసిన్‌ వల్ల లాభం కనిపించలేదు. ఎవరైనా నెలలకు నెలలు యాంటీబయాటిక్‌ రాస్తే ఎందుకని అడగండి.

*

ప్రశ్న: నాలుగు రోజుల కింద పొద్దుగాల లేచేసరికి ఎడమ చెవి ఇనవడ్తలేదు. గుయ్‌మని ఒకటే మోత. నొప్పి లేదు, చీము లేదు. గులిమి అడ్డం పడ్డదేమో అని మెడికల్‌ షాపుల చుక్కలు తెచ్చి ఏసుకుంటున్న. షుగర్‌ ఉన్నది. ఇంకో వారం చూడాల్నా?
– ఒక పాఠకుడు, బల్లార్షా

జవాబు: ఒక్క రోజు కూడా చూడొద్దు. ఈ పత్రిక చేతికందేలోపు ఆలస్యం కాకూడదని మీకు విడిగా కబురు పంపాం. ఇదే ఇబ్బంది ఇంకెవరికైనా వస్తే ఉపయోగపడాలని ఇక్కడ రాస్తున్నాం.

నోరు మూసుకుని "మ్‌" అని సన్నగా రాగం తీయండి. ఆ మోత వినపడని చెవిలోనే ఎక్కువ వినిపిస్తే గులిమో, నీరో అడ్డుపడి ఉండొచ్చు. బాగున్న చెవి వైపుకి పోతే నరం దెబ్బతిన్నట్టు అనుమానించాలి. ఇది ఇంటి పరీక్షే. ఖరారు చేయాల్సింది ఆడియోగ్రామ్‌. 72 గంటల్లోపు, పక్కపక్క మూడు శబ్ద పౌనఃపున్యాల్లో (ఫ్రీక్వెన్సీల్లో) 30 డెసిబెల్స్‌ లేదా అంతకన్నా ఎక్కువ వినికిడి తగ్గితే దాన్ని హఠాత్తు చెవుడు అంటారు.

దీనికి ఇచ్చేది స్టెరాయిడ్‌. మొదలైన రెండు వారాల్లోపు ఇస్తే ఫలితం ఉంటుందన్న ఆశ ఎక్కువ. వారాలు గడిచేకొద్దీ తగ్గుతుంది. మాత్రలుగా ఇస్తే రోజుకు 60 మిల్లీగ్రాముల దాకా ప్రెడ్నిసోలోన్, ఆ తర్వాత మెల్లగా తగ్గించడం. కానీ మీకు షుగర్‌ ఉంది, ఆ మోతాదుకు షుగర్‌ ఎగబాకుతుంది. అలాంటివాళ్లకు ఇంకో దారి ఉంది. కర్ణభేరిలోంచి సన్నటి సూదితో మందును మధ్య చెవిలోకి ఎక్కిస్తారు. 2011లో అమెరికాలో 250 మంది మీద జరిగిన పరిశోధనలో ఒకవైపు 60 మిల్లీగ్రాముల మాత్రలు, ఒకవైపు రెండు వారాల్లో నాలుగు ఇంజెక్షన్లు ఇచ్చి చూశారు. వినికిడి తిరిగి రావడంలో ఇంజెక్షన్లు మాత్రలకు తీసిపోలేదు. సూది అంటే భయపడకండి. ముందు కర్ణభేరికి మత్తుమందు పెడతారు, అయ్యాక అరగంట ఆ చెవి పైకి ఉండేలా పడుకోవాలి, ఆ అరగంట గుటకలు వేయొద్దంటారు. గుటక వేస్తే మందు గొంతులోకి దిగిపోతుంది.

పెద్ద మోతాదు స్టెరాయిడ్‌ సెలైన్లు ఎక్కిస్తే ఇంకా బాగా వస్తుందన్న నమ్మకం చాలాకాలం ఉండేది. జర్మనీలో పలు ఆస్పత్రులు కలిసి దాన్ని పరీక్షించి 2024లో ఫలితం ప్రకటించాయి. పెద్ద మోతాదుతో అదనపు లాభం లేదు, ఇబ్బందులే ఎక్కువ. కాబట్టి ఆ పేరుతో అప్పు చేయకండి. విటమిన్‌ మాత్రలతో సరిపెట్టుకుని కూర్చోనూ వద్దు.

చంద్రపూర్‌ మెడికల్‌ కాలేజీ మీకు దగ్గర. హైదరాబాద్‌ బండి ఎక్కగలిగితే కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి ఉంది. తర్వాత ఒకసారి ఎమ్మారై తీయించమంటారు. వినికిడి నరం మీద గడ్డ ఏమైనా ఉందేమో చూడటానికి అది అవసరం. చెవుడుతో పాటు మూతి వంకర, మాట తడబాటు, కాలూచేయీ పట్టు తప్పడం ఉంటే అది పక్షవాతం కావచ్చు, వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి.

*

ప్రశ్న: మా మనవరాలికి రెండేళ్లు. మూడు వారాల కిందట వేరుశెనగ గింజలు తింటూ ఉక్కిరిబిక్కిరి అయింది, కాసేపటికి సర్దుకుంది. అప్పటి నుంచి దగ్గు. రెండు సిరప్పులు మార్చారు. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు.
– ఒక తాతగారు, గుణుపురం

జవాబు: "వేరుశెనగ తింటూ ఉక్కిరిబిక్కిరి అయింది" అన్న ముక్క డాక్టరుగారికి చెప్పారా? చెప్పి ఉండకపోతే ఇప్పుడు అదే మొదటి మాటగా చెప్పండి. గింజ ఎక్స్‌రేలో కనపడదు. అది ఒక ఊపిరితిత్తి గొట్టంలో ఇరుక్కుంటే గాలి లోపలికి వెళ్తుంది, బయటికి రావడం కష్టమవుతుంది. ఊపిరి వదిలినప్పుడు తీసిన ఎక్స్‌రేలో ఆ వైపు ఉబ్బి కనిపించవచ్చు, కనిపించకపోనూ వచ్చు. ఎక్స్‌రే బాగుందన్నంత మాత్రాన గింజ లేదని కాదు. వేరుశెనగలోని నూనెకు గొట్టం పొర వాచి, దాని చుట్టూ కండ పెరుగుతుంది. రోజులు గడిచేకొద్దీ తీయడం కష్టం, నిమ్ము చేరుతుంది.

చేయాల్సింది బ్రాంకోస్కోపీ. పాపకు పూర్తి మత్తు ఇచ్చి, నోటి ద్వారా గట్టి గొట్టం దించి, పటకారుతో గింజ తీస్తారు. 1897లో జర్మనీలో గుస్తావ్‌ కిల్లియన్‌ ఇలాగే గొట్టం దించి ఒక రైతు ఊపిరి గొట్టంలో ఇరుక్కున్న పంది ఎముక ముక్కను తీశాడు. అంతకుముందు ఇలాంటివాళ్లకు దాదాపు దారి ఉండేది కాదు. అన్ని ఊళ్లలో చిన్నపిల్లల సైజు పరికరం, మత్తు డాక్టరు ఉండరు కాబట్టి, బరంపురమో విశాఖ కేజీహెచ్చో బయల్దేరే ముందు ఫోను చేసి కనుక్కోండి. ప్రయాణంలో పాపను నవ్వించడం, గంతులు వేయించడం వద్దు. గింజ కదిలి పైకి వస్తే దారి మొత్తం మూసుకుపోవచ్చు.

ఇకముందు ఇలా జరిగితే: పిల్ల గట్టిగా దగ్గగలుగుతుంటే దగ్గనివ్వండి, వీపు చరచొద్దు. దగ్గు, ఏడుపు బయటికి రాకపోతే ముందుకు వంచి రెక్కల మధ్య ఐదు దెబ్బలు, ఆపైన బొడ్డుకు కొంచెం పైన పిడికిలితో లోపలికీ పైకీ ఐదు నొక్కులు. ఏడాది లోపు బిడ్డకు పొట్ట నొక్కకూడదు, రొమ్ము ఎముక మీద నొక్కాలి. కనపడని దానికోసం నోట్లో వేలు పెట్టి గాలించొద్దు. నాలుగేళ్లు నిండేదాకా పల్లీలు, శెనగలు విడి గింజలుగా పెట్టకండి, పొడి చేసి అన్నంలో కలపండి.

బొమ్మల్లో ఉండే గుండీ బ్యాటరీ మింగితే లెక్క వేరు. రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవడం మొదలవుతుంది. ఏడాది దాటిన బిడ్డకు ఆస్పత్రికి వెళ్లే దారిలోనే పది నిమిషాలకోసారి రెండు టీస్పూన్ల తేనె ఇవ్వవచ్చు, ఆరుసార్లకు మించకుండా. తేనె కోసం ఆగి ప్రయాణం ఆలస్యం చేయొద్దు, వాంతి చేయించొద్దు.

*

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. ఏడాదికి నాలుగైదుసార్లు టాన్సిల్స్‌ వాచి జ్వరం వస్తుంది. తీయించుకోమని కొందరు, పెద్దయ్యాక తీయిస్తే గొంతు పోతుందని కొందరు.
– ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: గొంతు పోదమ్మా, మాట వచ్చే చోటు వేరే ఉంది. అసలు తూచాల్సింది ఎన్నిసార్లు వచ్చింది, ఎన్ని రోజులు పని పోయింది అన్నది. చాలామంది డాక్టర్లు చూసే లెక్క: ఒక ఏడాదిలో ఏడుసార్లు, లేదా రెండేళ్లు వరసగా ఏటా ఐదుసార్లు, లేదా మూడేళ్లు వరసగా ఏటా మూడుసార్లు. మీరు ఈ ఏడాది నుంచి తేదీలు, జ్వరం ఎంతో ఒక నోట్‌బుక్‌లో రాయండి.

పెద్దవాళ్ల సంగతి మీద బ్రిటన్‌లో 453 మందితో జరిగిన అధ్యయనం 2023లో వచ్చింది. వెంటనే తీయించుకున్నవాళ్లకు రెండేళ్లలో గొంతునొప్పి రోజులు మధ్యస్థంగా 23, ఆగి చూసినవాళ్లకు 30. ఆపరేషన్‌ తర్వాత నొప్పి రోజులు కూడా ఆ 23లో ఉన్నాయి. లాభం ఉంది, కానీ పెద్దవాళ్లకు పది పద్నాలుగు రోజులు గట్టి నొప్పి తప్పదు. ఐదో రోజు నుంచి పదో రోజు మధ్య పొర ఊడేటప్పుడు నెత్తురు రావచ్చు. ఆ రోజుల్లో ఆస్పత్రికి దూరంగా, ఘాట్‌ రోడ్డు అవతల ఊళ్లో ఉండకండి. నెత్తురు చుక్క కనపడినా వెళ్లిపోవాలి.

*

ప్రశ్న: ఎండకాలం అంతా మా ఆయనకు ముక్కులకెల్లి నెత్తురు. తల వెనక్కి వంచి నీళ్లు గుమ్మరిస్తున్నం.
– చంద్రపూర్‌

జవాబు: తల వెనక్కి వంచితే నెత్తురు గొంతులోకి పోయి వాంతి అవుతుంది. కూర్చోబెట్టి ముందుకు వంచండి. ముక్కు ఎముక మీద కాదు, కింద మెత్తటి భాగాన్ని బొటనవేలు, చూపుడువేలితో గట్టిగా మూసి, గడియారం చూసుకుంటూ పదిహేను నిమిషాలు పట్టాలి. మధ్యలో వదిలి చూస్తే మొదటికి వస్తుంది. నోట్లోకి వచ్చింది ఉమ్మేయమనండి.

నెత్తురు ఆపడానికి వాడే ట్రానెక్సామిక్‌ యాసిడ్‌ మందులో దూది తడిపి పెట్టే పద్ధతి గురించి కూడా కొందరు అడిగారు. 2021లో వెలువడిన బ్రిటన్‌ అధ్యయనంలో, 26 ఆస్పత్రుల్లో దాదాపు 500 మందిలో సగం మందికి అలా పెట్టి చూస్తే, ముక్కుకు ప్యాకింగ్‌ పెట్టాల్సిన (లోపల గట్టిగా దట్టించాల్సిన) అవసరం ఏమీ తగ్గలేదు. వేళ్లతో పట్టడమే సరిగా చేయండి. ఆగాక రెండు వారాలు రోజూ రెండుపూటలా నడిమి గోడ ముందు భాగానికి వాజలీన్‌ రాయండి. నలభై దాటినవాళ్లయితే బీపీ చూపించండి. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే, లేదా రెండుసార్లు పదిహేనేసి నిమిషాలు పట్టినా ఆగకపోతే ఆస్పత్రికి తీసుకెళ్లండి, మాత్రల అట్ట వెంట పట్టుకెళ్లండి.

*

ప్రశ్న: మా అమ్మకు 61. చిన్నప్పటి నుంచి అడ్డపొగ అలవాటు. అంగిట్లో తెల్లగా, గరుగ్గా ఒక మచ్చ ఉంది. నొప్పి లేదంటంది.
– గిరిసోల

జవాబు: నొప్పి లేకపోవడం ధైర్యం కాదు. అడ్డపొగ అంటే చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. అలా కాల్చేవాళ్లకు వేడి, పొగ నేరుగా అంగిటికే తగులుతాయి. మిగతా చోట్ల అరుదుగా కనిపించే అంగిలి క్యాన్సర్‌ శ్రీకాకుళం, గంజాం వైపు ఆడవాళ్లలో కనిపించడానికి కారణం ఇదే. ఈ వారంలోనే ఈఎన్‌టీ డాక్టరుకో దంతవైద్యుడికో చూపించి, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్ష చేయించండి. కట్టుడుపళ్లు ఉంటే తీసి చూడమని చెప్పండి, మచ్చ వాటి కింద దాగి ఉండొచ్చు. చుట్ట ఈరోజే ఆపించాలి. మచ్చ కొంచెమే ఉండి, చుట్ట మానేస్తే అది తగ్గే అవకాశం కూడా ఉంది. ముక్కలో క్యాన్సర్‌ లేదని తేలినా మూడు నెలలకోసారి అంగిలి చూపిస్తూ ఉండండి.